గట్టు జరగలేదు, మందు మాత్రం మా చేన్లోకి వచ్చింది



పోస్టు పెద్దదే. సగం చదివి లైక్ కొట్టి పోవద్దు, చివర్లో మీ అందరితో పని ఉంది.

ఆగస్టు 15 సెలవుకి హాస్టల్ నుంచి ఇంటికి పోయాం. బస్సు దిగి చేను మీదుగా నడుస్తుంటేనే తేడా కనిపించింది. పత్తి ఆకు మామూలుగా అరచెయ్యంత వెడల్పు ఉంటుంది కదా, ఇది బెండాకులాగా సన్నగా చీలి, వేళ్లు ముడిచిన చెయ్యిలా అయిపోయింది. ఈనెలు తెల్లగా తేలి దగ్గరదగ్గరకొచ్చాయి. కొనలు మెలి తిరిగాయి. చెట్ల కింద గూడ రాలి ఉంది. చేనంతా ఒకేలా కూడా లేదు. పడమటి గట్టు పక్క పదిహేను సాళ్లు ఘోరంగా ఉన్నాయి, లోపలికి పోయేకొద్దీ తక్కువ, తూర్పు అంచున అసలేం లేదు. వానాకాలంలో గాలి ఎటు నుంచి ఎటు పోతుందో మన ఊళ్లలో పశువులు కాసే పిల్లగాణ్ణి అడిగినా చెప్తాడు. ఆ పడమటి గట్టుకి అవతల ఉన్నది మొక్కజొన్న.

మా నాన్న "తెగులు వచ్చింది బిడ్డా" అన్నాడు. మందుల దుకాణంలో ఒక ఆకు చూపిస్తే "వైరస్" అని రెండు సీసాలు అంటగట్టారట, 1,850 రూపాయలు, అదీ అప్పు ఖాతాలో. నూటికి రెండు రూపాయల మిత్తి. ఆ రెండు సీసాలూ కొట్టాక కూడా ఆకు అట్లాగే ఉంది. అసలు సంగతి చెప్పింది అమ్మ. "వాళ్లు తైవాన్ పంపుతో గడ్డి మందు కొట్టిన రోజు ఘాటు వాసన మన ఇంటి దాకా వచ్చింది. తలకాయ నొచ్చింది. బొబ్బర్లు మూడో రోజుకే తల వంచినయ్, నేను అప్పుడే అన్న" అంది. అమ్మ బడికి పోలేదు. మేం ఇంటర్లో చదివిన వృక్షశాస్త్రంలో ఆక్సిన్ల పాఠం ఉంది, నాలుగు మార్కుల ప్రశ్న. ఆ పాఠం మా చేన్లోనే నిలబడి ఉంటే గుర్తుపట్టింది అమ్మ, మేం కాదు.

ఆ గడ్డి మందు పేరు 2,4-డి. మొక్కలో పెరుగుదలను నడిపించే ఆక్సిన్‌కి నకిలీ లాంటిది. గడ్డి జాతి పంటలు, అంటే వరి, మొక్కజొన్న, జొన్న, దాన్ని తట్టుకుంటాయి. వెడల్పాకు మొక్కలు తట్టుకోలేవు, అడ్డదిడ్డంగా పెరిగి మెలి తిరిగి చస్తాయి. అందుకే మొక్కజొన్నలో, వరిలో వెడల్పాకు కలుపుకి దాన్ని కొడతారు. పత్తి దానికి మరీ సున్నితం. ఎకరానికి కొట్టే మోతాదులో వందో వంతు కంటే తక్కువ గాలికి కొట్టుకొచ్చినా ఆకు మీద కనిపిస్తుంది. పత్తి ఒక్కటే కాదు, మిరప, టమాటా, కంది, పెసర, బొబ్బర, అనుము, సొర, బీర అన్నీ వెడల్పాకువే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన చేను ఎట్లా ఉంటుందో తలుచుకోండి. మనం పత్తి వేసినా నాలుగు సాళ్లకో సాలు కంది వేస్తాం. గట్టు మీద బొబ్బర, అనుము. మంచె పక్కన సొర పాదు, బీర పాదు. పత్తి అమ్ముకోవడానికి, మిగతావి తినడానికి. పక్క చేన్లో మొక్కజొన్న తప్ప గడ్డి పోచ ఉండదు. గాలికి వచ్చిన మందు ఆయన పంటని ఏం చెయ్యదు. మనం అమ్ముకునేదాన్నీ తినేదాన్నీ రెండింటినీ కొడుతుంది. ఈ ఏడు మా ఇంట్లో కందిపప్పు కొనుక్కోవాల్సిందే. ఈ నష్టం ఏ ఆఫీసు కాగితంలోనూ ఎక్కదు.

అది గాలికి ఎట్లా వస్తుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆఫీసులో ఎవరూ చెప్పరు. ఒకటి, తుంపర. పురుగు మందుకి వాడే నాజిల్‌తోనే గడ్డి మందు కొడితే, పైగా పవర్ పంపు పెట్టి కొడితే, తుంపర పొగమంచులాగా లేస్తుంది. సన్న తుంపర కింద పడదు, గాలితో పోతుంది. రెండోది ఆవిరి. 2,4-డి మన దగ్గర మూడు రూపాల్లో ఎక్కువగా దొరుకుతుంది, సోడియం సాల్ట్, అమైన్ సాల్ట్, ఇథైల్ ఈస్టర్. ఈస్టర్ రకం కొట్టిన తర్వాత కూడా ఎండకి ఆవిరై లేస్తుంది. అంటే కొట్టేటప్పుడు గాలి లేకపోయినా తర్వాత లేచి పక్క చేన్లో దిగుతుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది ఏ రకమో. కొట్టేవాడు చదవడు, అమ్మేవాడు చెప్పడు.

ఇంకొకటి, మన తప్పు. 2,4-డి కొట్టిన పంపుని నీళ్లతో ఒకసారి ఊపి, అదే పంపుతో పత్తికి పురుగు మందు కొడతాం. పంపు అద్దెకి తెచ్చుకుంటే అంతకు ముందు అందులో ఏం పోశారో అడగం. ఆ అడుగున మిగిలిన చుక్కలే చాలు. మా హాస్టల్ గదిలో ఆరుగురం ఉంటాం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు ఏజెన్సీ ఊళ్ల వాళ్లం. ఒక రాత్రి కూర్చుని లెక్కేసుకుంటే నలుగురి ఇళ్లల్లో ఈ బెండాకు పత్తి ఏదో ఒక సంవత్సరం వచ్చింది. ఆ నలుగురిలో ఒక ఇంట్లో మాత్రం చేనంతా ఒకేలా పాడైంది, అది సొంత పంపు పాపమే. మిగతా మూడు ఇళ్లల్లో గట్టు వైపు నుంచి లోపలికి తగ్గుతూ పోయింది. అది గాలికి వచ్చిన మందు గుర్తు. ఈ తేడా మనం నేర్చుకోవాలి, లేకపోతే మన తప్పుని పక్కోడి మీద వేశామని మొదటి మాటలోనే మన నోరు మూయిస్తారు.

సరే, అప్లికేషన్ పట్టుకుని ఆఫీసుకి పోయాం. అక్కడి సారు ఫోన్లో ఫొటోలు చూశాడు. వైరస్ అనలేదు, అది ఆయన మంచితనమే. "2,4-డి లాగే ఉంది" అన్నాడు. "అయితే రాసివ్వండి సార్" అంటే నవ్వాడు. "గాలి మీద కేసు పెడతావా? కొనలు తుంచి యూరియా నీళ్లు కొట్టుకోండి, కోలుకుంటది" అన్నాడు.

కొంత కోలుకుంటుంది, నిజమే. దీనికి విరుగుడు మందు లేదు కానీ తక్కువ మోతాదు తగిలిన చెట్టు కొత్త చిగురు వేస్తుంది. కాకపోతే రాలిన గూడ మళ్లీ ఎక్కదు, కాపు నెల రోజులు వెనక్కి పోతుంది, మొదటి తీత పోతుంది. నిరుడు రెండెకరాల్లో 14 క్వింటాళ్లు తీశాం. ఈసారి ఆరు వస్తే గొప్ప అంటున్నాడు నాన్న. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110. మనకి ఎప్పుడూ అంత రాదు, దళారి 7,000 ఇచ్చాడనుకున్నా ఎనిమిది క్వింటాళ్లకి 56,000. మేం డిగ్రీ ఫీజు బకాయి, చెల్లి నర్సింగ్ చేరిక, దుకాణం అప్పు, ఈ మూడింట్లో దేన్ని ఆపాలో ఇప్పుడు ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. మాకు వినబడకుండా మాట్లాడుకుంటున్నారు.

ఈ 56,000 ఎవరు ఇవ్వాలి? పంటల బీమా అంటారా, 2020 వానాకాలం నుంచే తెలంగాణ ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చింది. ఆ పథకం ఉన్నా లాభం లేదు. దాని నిబంధనల్లో వడగళ్లు ఉన్నాయి, పిడుగు మంట ఉంది, మునక ఉంది. ఆపగలిగిన నష్టాలు, కావాలని చేసిన నష్టాలు వర్తించవని రాసి ఉంది. పక్కోడి మందు ఆపగలిగిన నష్టమే కదా. ఆపాల్సింది ఎవరు అనేది మాత్రం రాయలేదు.

చట్టం చూద్దామని లైబ్రరీలో పురుగుమందుల చట్టం, 1968 తీశాం. తయారీకి లైసెన్సు, అమ్మకానికి లైసెన్సు, ఇన్‌స్పెక్టర్లు, శాంపిళ్లు, శిక్షలు, అన్నీ ఉన్నాయి. 38వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి మా అందరికీ నోట మాట రాలేదు. ఎవరైనా తన సాగులో ఉన్న భూమిలో మందు వాడుకోవడానికి ఈ చట్టమే వర్తించదట. అంటే డబ్బా దుకాణం గడప దాటేవరకే చట్టం. గట్టు దాటి పక్క చేన్లోకి పోయినప్పుడు అక్కడ చట్టం లేదు. ఉన్న దారల్లా సివిల్ కోర్టు. రెండెకరాల కోయ రైతు వాయిదాలకి కొత్తగూడెం తిరగాలన్నమాట.

2020 మే నెలలో కేంద్రం 27 మందులు నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది. అందులో 2,4-డి ఉంది, మొక్కజొన్నలో కొట్టే అట్రజిన్ కూడా ఉంది. చివరికి నిషేధించిన జాబితాలో ఈ రెండూ లేవు. గ్లైఫోసేట్ సంగతి ఇంకా విచిత్రం. 2022 అక్టోబర్‌లో దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చారు. మీ మండలంలో ఆ పేరున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? మేం చూడలేదు. గ్లైఫోసేట్ మాత్రం కిరాణా కొట్టు పక్కనే దొరుకుతోంది.

ఇక అసలు విషయం. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆగాం.

ఆ మొక్కజొన్న చేను రికార్డులో మా పెదనాన్నది. సాగు చేసేది కింద నుంచి వచ్చిన గిరిజనేతర కౌలుదారు. పెదమ్మ ఆపరేషన్ అప్పుడు పెదనాన్న ఎకరానికి 12,000 లెక్కన మూడేళ్ల కౌలు ముందే తీసుకున్నాడు. తప్పు పట్టడానికి మాకు నోరు రాదు, ఆ రోజు ఆ డబ్బు లేకపోతే పెదమ్మ లేదు. కానీ 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు మనోళ్లు. కౌలు కూడా అందులోకే వస్తుంది. కాబట్టి ఆ కౌలు కాగితం మీద లేదు. కాగితం మీద లేనివాడి మీద ఫిర్యాదు ఎట్లా ఇస్తాం? అప్లికేషన్లో "ఎవరి భూమి నుంచి మందు వచ్చింది" అని గడి ఉంటే అక్కడ రాయాల్సింది పెదనాన్న పేరు. మందు ఆయన కొట్టలేదు. కొట్టించినవాడి పేరు ఎక్కడా లేదు. కొట్టినవాళ్లు ఎవరంటే మన ఊరి పిల్లలే, మూతికి గుడ్డ కూడా లేకుండా, రోజుకి 600 కూలికి. మందు మనోళ్ల చేతులతో, మనోళ్ల పట్టా మీద నుంచి, మనోళ్ల చేన్లోకి వచ్చింది. లాభం మాత్రం కిందికి పోయింది.

మా నాన్న పోయి అడిగాడు. మా నాన్న ఆయన్ని "సారూ" అంటాడు. ఆయన మా నాన్నకంటే పదేళ్లు చిన్న, "ఏరా" అంటాడు. "ఏరా, గాలిని నేను పట్టుకొచ్చానా? నువ్వు కూడా మొక్కజొన్న వేసుకో, గొడవుండదు" అన్నాడట. మా నాన్న అది నిజంగానే మంచి సలహా అనుకుని ఇంటికొచ్చి చెప్పాడు. వచ్చే ఏడు మొక్కజొన్నే వేద్దామా అని అడుగుతున్నాడు.

మాకు కడుపు మండింది ఆ మాట దగ్గరే. మన చేన్లో ఏం వేయాలో పక్క చేను చెప్తోంది. 1/70 గట్టుకి కాపలా కాసింది, సరే. గట్టు అక్కడే ఉంది, రాయి జరగలేదు, పట్టా మన పేరు మీదే ఉంది. అయినా మనం కంది వేయలేం, బొబ్బర వేయలేం, పత్తి వేయలేం. ఆయన మందు తట్టుకునేదే వేయాలి. భూమి పోవడం అంటే ఇంకేమిటి మరి?

ఈ బెదిరింపు కొత్తది కాదు. అమెరికాలో డైకాంబా అని 2,4-డి బాపతు మందే ఇంకొకటి ఉంది. దాన్ని తట్టుకునే సోయా విత్తనాలు వచ్చాక 2017 ఒక్క సంవత్సరంలోనే దాదాపు 36 లక్షల ఎకరాల మామూలు సోయా దెబ్బతిన్నదని అక్కడి యూనివర్సిటీ వాళ్లు అంచనా వేశారు. పక్కోడి మందుకి భయపడి ఇష్టం లేకపోయినా అదే విత్తనం కొన్న రైతులు ఉన్నారు. మిస్సోరిలో ఒక పీచ్ తోట రైతు కోర్టుకి పోతే 2020లో జ్యూరీ మోన్‌శాంటో, బీఏఎస్ఎఫ్ కంపెనీలు 26.5 కోట్ల డాలర్లు కట్టాలంది. తర్వాత ఆ మొత్తం తగ్గింది, అది వేరే సంగతి. అక్కడ ఎవరూ "గాలి మీద కేసు పెడతావా" అని నవ్వి పంపలేదు. మన దగ్గర కూడా అదే నడుస్తోంది, దొంగచాటుగా. గ్లైఫోసేట్ తట్టుకునే పత్తికి దేశంలో అనుమతి లేదు, లూజు సంచుల్లో మాత్రం వస్తోంది. పక్కోడు ఆ విత్తనం వేసి పైనుంచి గడ్డి మందు కొడితే మన మామూలు పత్తి మాడుతుంది. మరుసటేడు భయంతో మనమూ ఆ సంచే కొంటాం. పట్టుబడితే బిల్లు లేదు, మొలవకపోతే అడిగే దిక్కు లేదు.

కొందరు అన్నలు కామెంట్లో రాస్తారని తెలుసు, "గడ్డి మందు లేకపోతే కూలోళ్లు ఎక్కడ దొరుకుతారు, మీరు చదువుకుని పెద్ద మాటలు చెప్తారు" అని. మేం గడ్డి మందే వద్దనట్లేదు. వానలో నడుం వంచి కలుపు తీసే అమ్మని చూసినోళ్లం, ఆ పని గొప్పదని పాటలు పాడలేం. అదే కలుపు కూలితో ఆడవాళ్ల చేతికి వచ్చే డబ్బు పోయిందని కూడా తెలుసు. రెండూ నిజమే. మేం అడిగేది నీ మందు నీ చేన్లో ఉంచుకో అని, దాటితే నష్టం కట్టు అని. ఎద్దు గట్టు దాటి మేస్తే మన ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి జరిమానా వేస్తారు కదా. ఎద్దుకున్న లెక్క మందుకి ఎందుకు లేదు?

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జి) లో ఆదివాసీ భూమి హక్కుకి అడ్డుపడటం, పంట నాశనం చేయడం నేరమని ఉంది. మా గదిలో దీని మీద పెద్ద గొడవే అయింది. మా మాట ఇది: తెలియక ఒకసారి జరిగిన దానికి ఆ కేసు వద్దు. ముందు పోయి చెప్పాలి, నోటీసు ఇవ్వాలి. చెప్పినా, పత్తి ఉందని తెలిసినా, గాలి మన వైపు వీస్తుందని చూసినా మళ్లీ అదే ఈస్టర్ మందు కొట్టించినవాడు గాలి పేరు చెప్పి తప్పించుకోకూడదు. అప్పుడు ఆ సెక్షన్ గురించి లాయర్‌తో మాట్లాడాల్సిందే. మన అన్నదమ్ముల మీద, మనలాంటి పేద రైతు మీద మాత్రం అది వాడొద్దు.

కౌలు సంగతికి భయపడే పెద్దోళ్లకి ఒక మాట చెప్పండి. పట్టా పోతుందని అనుకుంటున్నారు. ఆ చట్టం ఖాళీ చేయించమనేది గిరిజనేతరుణ్ణి. భూమి తిరిగి ఇచ్చేది ఇచ్చినవాడికో, వాళ్ల వారసులకో. మూడేళ్ల కౌలు డబ్బు సంగతి ఎట్లా తేల్చాలో అది ఊరు కూర్చుని మాట్లాడాలి, పెదనాన్న ఒక్కడి నెత్తిన వేస్తే ఆయన మళ్లీ ఆ సారు దగ్గరికే పోతాడు.

ఇప్పుడు మీతో పని. పీసా చట్టం 1996 నుంచి ఉంది, షెడ్యూల్డ్ ఏరియాలో భూమి మీద గ్రామసభకి మాట ఉంది. అక్టోబర్ 2న గ్రామసభ పెడతారు, మామూలుగా పది మంది సంతకాలతో అయిపోతుంది. ఈసారి మనం పోదాం. పత్తి, మిరప, కంది ఉన్న చేల పక్కన 2,4-డి ఈస్టర్ కొట్టొద్దని, ఏ గడ్డి మందు కొట్టినా ముందు రోజు పక్క రైతుకి చెప్పాలని, గట్టు పక్క కొన్ని సాళ్లు వదిలెయ్యాలని, నష్టం జరిగితే మూడు రోజుల్లో వ్యవసాయ శాఖ వాళ్లు వచ్చి చూసి రాసివ్వాలని తీర్మానం రాయిద్దాం. ఇప్పుడు ఊళ్లల్లోకి డ్రోన్లు కూడా వస్తున్నాయి. దేశం మొత్తం మీద 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇచ్చే పథకం 2023లో పెట్టారు. మనిషి నడుము ఎత్తు నుంచి కొడితేనే ఇంత అయితే తల పైనుంచి కొడితే ఎంత దూరం పోతుందో ఆలోచించండి. డ్రోన్‌కి కూడా ఈ తీర్మానం వర్తిస్తుందని రాయించాలి.

ఫొటోలు తీసేటప్పుడు ఒక్క ఆకు దగ్గరగా తీసి ఊరుకోవద్దు. గట్టు మీద నుంచి మొదలుపెట్టి అయిదు సాళ్లకొకటి చొప్పున అవతలి అంచు దాకా తీయండి, తేదీ, లొకేషన్ పడేటట్టు. పక్క చేన్లో పారేసిన డబ్బా దొరికితే లేబుల్ ఫొటో తీయండి, చేత్తో పట్టుకోకండి. ఆ రోజు గాలి ఎటు వీచిందో ఫోన్లో స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. అప్లికేషన్ రెండు కాపీలు రాసి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. నోటితో చెప్పి రావద్దు, మేం మొదటిసారి అదే తప్పు చేశాం. ఆలస్యం కూడా వద్దు. ఆకులో మందు ఆనవాళ్లు రోజుల్లోనే తగ్గిపోతాయి.

మీ ఊరి పేరు, ఏ పంట, ఎన్ని సాళ్లు పోయాయి, పక్కన ఏముంది, ఇవి కామెంట్లో రాయండి. రైతు పేరు, కౌలుదారు పేరు ఇక్కడ రాయొద్దు, అడ్మిన్ అన్నలకి విడిగా పంపండి. సెప్టెంబర్ 25 లోపు వచ్చినవన్నీ ఒక్క కాగితంగా చేసి ఐటీడీఏ పీఓ గారికి ఇస్తాం. టైపింగ్ మా హాస్టల్ వాళ్లం చూసుకుంటాం.

మా ఊరి తీర్మానం మీద మొదటి సంతకం పెడతానని నాన్న అన్నాడు. అమ్మ వేలిముద్ర వేస్తానంది. పెదనాన్న ఇంకా ఏమీ అనలేదు.